కారవాన్ ఊగింది, నేరం వాన మీద పడింది: ఒక తిరుగు ప్రయాణం కేసు

వసంతం మొదట్లో, సెలవులు ముగిసే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాన తగ్గట్లేదు, కారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) ఇంటికి చేర్చాలి, దారిలో ఒక్కసారిగా ఊగింది, ఇప్పుడు స్టీరింగ్ పట్టుకోవాలంటే భయంగా ఉంది. ఈ కేసూ అలాగే మొదలైంది. దీన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఊగిసలాట ఎందుకొచ్చిందో తేల్చడం మామూలుగా కష్టం, పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఏమీ దొరకదు కాబట్టి. ఇక్కడ దొరికింది. అదే కారు, అదే కారవాన్, అదే డ్రైవర్, అదే రోడ్డు, దాదాపు అదే వేగం. వెళ్లేటప్పుడు పక్కగాలి గట్టిగానే కొట్టినా బండి తిన్నగా నడిచింది. వచ్చేటప్పుడు ఊగింది.

నేను ట్రైలర్ లాగడంలో శిక్షణ ఇస్తాను, హిచ్‌లూ (కారుకీ ట్రైలర్‌కీ మధ్య జోడింపు) బ్రేకులూ చూస్తాను. ఈ కేసులోని దంపతులు హైవే పక్క సర్వీస్ ఏరియాలో ఆగి ఫోన్ చేస్తే వెళ్లి పరీక్షించి, లోడు మార్పించి, ఇల్లు చేరేదాకా పక్క సీట్లో కూర్చున్నాను. బండి ఆయనే నడిపారు.

బండి, ఫిర్యాదు

డీజిల్ ఎస్టేట్ కారు, ఖాళీ బరువు 1,680 కిలోలు. కారవాన్ సింగిల్ యాక్సిల్‌ది (ఒకే ఇరుసు), గరిష్ఠంగా 1,400 కిలోల దాకా అనుమతి ఉంది, ఆ రోజు లోడుతో సుమారు 1,350. అంటే కారు బరువులో 80 శాతం. బ్రిటన్‌లో కొత్తగా లాగేవాళ్లకు చెప్పే 85 శాతం లెక్కలో ఇది హాయిగా ఇముడుతుంది. హిచ్‌లో ఫ్రిక్షన్ స్టెబిలైజర్, అంటే రాపిడితో ఊపుని అణిచే పరికరం ఉంది. ఊగడం మొదలైతే కారవాన్ బ్రేకులు తనంతట తానే వేసే ఎలక్ట్రానిక్ పరికరం మాత్రం లేదు. ఇంకో సంగతి, బాత్రూమ్ కారవాన్ వెనక గోడ పొడవునా ఉంది. ఈ కేసంతా ఆ బాత్రూమ్ చుట్టూనే తిరుగుతుంది.

జరిగింది ఇదీ. హైవే మీద దిగుడు, వాన, వేగం గంటకు 95 కిలోమీటర్ల దరిదాపుల్లో. ముందు వెళ్తున్న లారీని దాటుతున్నారు. కారవాన్ లారీ క్యాబిన్‌ని దాటే సమయానికి వెనక భాగం పక్కకు తోసుకుపోయింది, మళ్లీ ఇటు వచ్చింది, ఈసారి ఇంకాస్త ఎక్కువగా.

"రోడ్డంతా నీళ్లండీ, టైర్లు జారిపోయాయి," అన్నారాయన.

ఆవిడ ఒప్పుకోలేదు. "జారినట్టు లేదండీ. వెనకాల ఎవరో పట్టుకుని అటూ ఇటూ ఆడించినట్టుంది. రెండు సెకన్లకోసారి."

నేను కాగితం మీద రాసుకున్నది ఆవిడ మాట. టైర్లు నీళ్ల మీద తేలితే స్టీరింగ్ తేలికైపోతుంది, ఇంజిన్ చప్పుడు ఒక్కసారి పెరుగుతుంది, అందులో లయ ఉండదు. లయగా ఊగిందంటే అది వేరే జబ్బు. ప్రయాణికుల సీట్లో ఉన్నవాళ్లు ఈ తేడా బాగా పట్టుకుంటారు, డ్రైవర్‌కి ఆ క్షణంలో అంత తీరిక ఉండదు.

ఆయన చేసిన పని మాత్రం సరిగ్గా ఉంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారు, స్టీరింగ్ తిన్నగా గట్టిగా పట్టుకున్నారు, బ్రేకు తొక్కలేదు, ఊపుకి ఎదురు తిప్పే ప్రయత్నమూ చేయలేదు. ఐదారు ఊపుల తర్వాత దానంతట అదే సర్దుకుంది. ఎదురు తిప్పితే ఎందుకు చెడుతుందంటే, మన చేయి ఎప్పుడూ ఊపు కన్నా అర క్షణం వెనకబడి ఉంటుంది. సరిచేస్తున్నామనుకుంటూ దానికి ఊపు అందిస్తాం. యాక్సిలరేటర్ తొక్కి కారవాన్‌ని లాగి సరిచేయమనే సలహా ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. దిగుడులో, తడి రోడ్డు మీద దాన్ని పాటించడమంటే ఏ వేగం వల్ల ఊగుతోందో ఆ వేగాన్నే పెంచడం.

చూసినవి, కొలిచినవి

గేజ్ తీయకముందే అనుమానం వచ్చింది. కాస్త దూరంగా నిలబడి పక్కనుంచి చూస్తే కారవాన్ తోక కిందికి వాలి ఉంది, ముందు భాగం లేచి ఉంది. హిచ్ విప్పి, చదునైన నేల మీద, లాగేటప్పుడు ఉండే ఎత్తులోనే నోస్ వెయిట్ గేజ్ పెట్టాను. 43 కిలోలు. తీసి మళ్లీ పెట్టాను, అంతే.

నోస్ వెయిట్ అంటే కారవాన్ ముందు భాగం టో బాల్ మీద, అంటే కారు వెనక హిచ్ కూర్చునే ఇనప గుండు మీద వేసే బరువు. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలని చెబుతారు. ఈ కారవాన్‌కి అది 67 నుంచి 94 కిలోలు. ఆ గుండుని పట్టి ఉంచే కారు టో బార్ 90 వరకే మోస్తుంది కాబట్టి పై హద్దు 90. ఇక్కడున్నది 3.2 శాతం.

"వెళ్లేటప్పుడు నేనే చూశానండీ, 84 ఉంది," అంటూ ఆయన ఫోన్‌లో ఫొటో తీసి చూపించారు. గేజ్ మీద అంకె స్పష్టంగా కనిపిస్తోంది. ఇలా ఫొటో తీసి పెట్టుకునే మనిషి నాకు అరుదుగా దొరుకుతాడు.

"అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?"

"ఏమీ మారలేదండీ. సరుకులు తగ్గాయి, అంతే."

అప్పుడు ఆవిడ బాత్రూమ్ తలుపు తీశారు. షవర్ ట్రేలో మోకాలెత్తున ఆనింగ్ పడి ఉంది. ఆనింగ్ అంటే కారవాన్ పక్కన కట్టుకునే గుడారం. వానలోనే విప్పి, మడత పెట్టే ఓపిక లేక కుక్కేశారు. మడతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి, అంచులకు బురద, గడ్డి. పక్కన చుట్టిన గ్రౌండ్‌షీట్, దాని మీద కడ్డీల సంచి. "లోపల పరిస్తే సోఫాలూ కార్పెట్టూ తడుస్తాయని నేనే ఇక్కడ పెట్టించానండీ. నీళ్లు కారినా ట్రేలోంచి బయటికి పోతాయి కదా," అన్నారావిడ. ఇల్లు శుభ్రంగా ఉంచుకునే ఎవరికైనా తట్టే ఆలోచనే. తడి ఆనింగ్‌ని షవర్‌లో పెట్టడం చాలామంది చేసే పని, బాత్రూమ్ మధ్యలో ఉన్న కారవాన్‌లో దానివల్ల ఇబ్బంది కూడా ఉండదు.

సామాన్లు తూచే చేతి కొక్కెం త్రాసుతో ముక్కలు ముక్కలుగా తూచాం. గుడ్డ, గ్రౌండ్‌షీట్ కలిపి 44 కిలోలు. సంచుల మీద ముద్రించిన పొడి బరువు రెండూ కలిపి 26. అంటే 18 కిలోల వాన నీళ్లు ఇంటికి మోసుకెళ్తున్నారు. కడ్డీలు, మేకులు 16. ఇవి కాక టాయిలెట్ క్యాసెట్, అంటే టాయిలెట్ కింద ఉండే, బయటికి తీసి ఖాళీ చేసే ట్యాంకు. కుండపోతలో దాన్ని మోసుకెళ్లి ఖాళీ చేసే ఉత్సాహం ఎవరికీ కలగలేదు. దానిలో ఉన్నది, మర్యాదగా చెప్పాలంటే, సుమారు 15 కిలోలు.

ఇవన్నీ కలిపి 75 కిలోలు. ఉన్న చోటు యాక్సిల్‌కి 2.2 మీటర్లు వెనక. యాక్సిల్ నుంచి టో బాల్ దాకా 4 మీటర్లు. కారవాన్ యాక్సిల్ మీద నిలబడ్డ త్రాసు లాంటిది, వెనక పెట్టిన బరువు ముందు బరువుని లేపేస్తుంది. 75ని 2.2తో గుణించి 4తో భాగిస్తే 41. వెళ్లేటప్పటి 84లోంచి 41 తీసేస్తే 43. లెక్కా గేజూ ఇంత చక్కగా కలవడం అరుదు, నాలుగైదు కిలోలు అటూ ఇటూ అయినా నేను ఒప్పుకునేవాణ్ని. వెళ్లేటప్పుడు ఇదే ఆనింగ్ పొడిగా, నడిమి నేల మీద, సరిగ్గా యాక్సిల్ పైన ఉంది. అక్కడ ఎంత బరువు పెట్టినా నోస్ వెయిట్‌లో పెద్ద తేడా రాదు.

నోస్ వెయిట్ తగ్గడం సగం కథ. మిగతా సగం గేజ్ మీద కనబడదు. యాక్సిల్‌కి దూరంగా ఉన్న బరువు ఒకసారి పక్కకు ఊగడం మొదలుపెడితే ఆపడం కష్టం. దూరం రెట్టింపైతే ఆ మొండితనం నాలుగింతలవుతుంది. అందుకే వెనక పెట్టిన బరువుకి జవాబుగా ముందు పెట్టెలో ఇంకో బరువు పెట్టి, గేజ్ మీద 80 చూపించి సంతోషించే పద్ధతి నాకు నచ్చదు. గేజ్ నిజమే చెబుతుంది, కానీ రెండు చివర్లా బరువున్న కారవాన్ మధ్యలో బరువున్న కారవాన్‌లా నడవదు. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాల్లో కూడా ఎక్కువ ప్రభావం చూపినవి ఇవే: నోస్ మీద బరువు, బరువు ఎంత దూరం పరుచుకుని ఉంది, యాక్సిల్ ఎక్కడుంది.

ప్రతి కారు-కారవాన్ జంటకీ ఒక వేగం ఉంటుంది. దాని కింద ఏ ఊపు వచ్చినా నాలుగు సార్లు ఆడి చచ్చిపోతుంది. దాన్ని దాటితే ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. శిక్షణలో ట్రెడ్‌మిల్ మీద బొమ్మ ట్రైలర్ నడిపి చూపిస్తాను. బరువు ముందుంటే వేలితో తట్టినా సర్దుకుంటుంది, అదే బరువు వెనక్కి జరిపితే చిన్న తాకిడికే ఆగకుండా ఊగి పక్కకు పడిపోతుంది. ఈ దంపతుల బండికి ఆ హద్దు వెళ్లేటప్పుడు 95కి చాలా పైన ఉండి ఉంటుంది. వచ్చేటప్పుడు 95కి దగ్గరగా దిగింది. లారీ తోసిన గాలి వేలితో తట్టింది.

మరి రోడ్డు మీది నీళ్లు?

ఆయన దీన్ని సులభంగా వదల్లేదు. న్యాయమే, రెండు ప్రయాణాల మధ్య తేడాల్లో వాన కూడా ఒకటి కదా.

తడి వల్ల టైరు పట్టు తగ్గుతుంది, నిజం. కానీ పట్టు తగ్గిందని తెలిసేది ఆ పట్టు మొత్తం వాడుకున్నప్పుడు: గట్టి బ్రేకు, గట్టి మలుపు. ఊగడం మొదలయ్యే దశలో టైరు పక్కకు తిరిగే కోణం చాలా చిన్నది. ఆ చిన్న కోణంలో టైరు ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందనేది ఎక్కువగా దాని గోడల బిగువును బట్టి ఉంటుంది, రోడ్డు తడిని బట్టి కాదు. ఊపు పెద్దదై టైర్లు నిజంగా జారే దాకా వెళ్తే మాత్రం తడి రోడ్డు క్షమించదు. ఆయన ముందే కాలు తీశారు కాబట్టి అక్కడిదాకా వెళ్లలేదు.

టైర్లు నీళ్ల మీద తేలే సంగతికి పాత సూత్రం ఒకటుంది. 1960ల్లో నాసా విమాన టైర్ల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది: టైరులో గాలి పీడనానికి వర్గమూలం తీసి, దాన్నిబట్టి ఏ వేగంలో తేలుతుందో అంచనా వేస్తారు. కారు టైర్లలో 35 పీఎస్ఐ ఉంది, సూత్రం ప్రకారం గంటకు 98 కిలోమీటర్లు. కారవాన్ టైర్లలో 55, దానికి 123. ట్రెడ్ లోతు, నీటి లోతు ఈ అంకెల్ని మారుస్తాయి, ఇవి గీత గీసినట్టు ఉండవు. అయినా వరస తెలుస్తుంది. లోతు నీళ్లలో ముందు తేలేది కారు, కారవాన్ కాదు. కారు తేలినట్టు ఏ గుర్తూ లేదు. అయితే 95లో ఆ హద్దుకి మరీ దగ్గరగా ఉన్నారన్నది మాత్రం ఆయనకి చెప్పాల్సిన మాటే, చెప్పాను.

టైర్ల తారీఖు, ట్రెడ్, పీడనం అన్నీ బాగున్నాయి. పక్కగోడ మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. కారవాన్ టైర్లు అరగడం కన్నా ముందు ముసలివవుతాయి కాబట్టి ట్రెడ్ కన్నా ముందు నేను చూసేది అదే. వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తో చూశాను, వదులు లేవు. ఒక టెయిల్ లైట్ వెలిగి ఆరుతోంది, కారు నుంచి కారవాన్‌కి కరెంటు అందించే 13 పిన్నుల ప్లగ్‌లో తడి చేరింది. తుడిచి ఆరబెడితే పోయింది.

ఇంకొకటి దొరికింది. టో బాల్ మీద నల్లటి గ్రీజు పొర. మామూలు హిచ్‌లకి గ్రీజు రాయాలి, పాత అలవాటు. ఫ్రిక్షన్ స్టెబిలైజర్‌కి మాత్రం అది విషం. దానిలో ప్యాడ్లు బాల్‌ని గట్టిగా నొక్కి పట్టుకుని, ఆ రాపిడితోనే ఊపుని చంపుతాయి. గ్రీజు ఉంటే రాపిడి ఎక్కడిది? వెళ్లేటప్పుడూ ఈ గ్రీజు ఉంది, అప్పుడు ఊగలేదు. కాబట్టి దీన్ని అసలు కారణం అనలేను. ఊపు మొదలయ్యాక ఆపాల్సిన కాపలాదారు ఆ రోజు నిద్రలో ఉన్నాడు, అంతవరకు చెప్పగలను. బాల్‌ని బ్రేక్ క్లీనర్‌తో మెరిసేదాకా తుడిచాం. ప్యాడ్లను గరుకు కాగితంతో రుద్దాను, లోపలికి ఇంకిన గ్రీజు అలా పోదు, ఇల్లు చేరాక మార్చాల్సిందే అని చెప్పాను.

లోడు మార్చడం, ఆగడం

పని చిన్నదే, వాన వల్ల చిరాకు. టార్పాలిన్ నడిమి నేల మీద రెండు మడతలుగా పరిచి, వాళ్ల దగ్గరున్న పెద్ద ప్లాస్టిక్ టబ్బులు రెండూ దాని మీద, సరిగ్గా యాక్సిల్ పైన పెట్టాం. ఆనింగ్‌ని పిండి, వీలైనంత నీళ్లు కార్చి టబ్బుల్లో కుక్కి, అటూ ఇటూ జరగకుండా సోఫా కాళ్లకు పట్టీలతో కట్టాం. కడ్డీలు కారు డిక్కీలోకి, వెనక సీటుకి ఆనించి. కారు మొత్తం బరువు దాని హద్దు దాటడం లేదని ముందే చూసుకున్నాం. క్యాసెట్ సంగతే కుదరలేదు, అక్కడ ఖాళీ చేసే చోటు లేదు. దాని వల్ల 8 కిలోలు తగ్గి నోస్ వెయిట్ 76 రావాలి. గేజ్ 77 చూపించింది. 5.7 శాతం. చాలు.

హిచ్ తగిలించాక బ్రేక్-అవే కేబుల్ (హిచ్ ఊడిపోతే కారవాన్ బ్రేకులు వేసే తీగ) టో బార్‌కి ఉన్న కొక్కేనికే తగిలించామా లేదా, లైట్లు, జాకీ వీల్ (కారవాన్ ముందుండే చిన్న చక్రం) పూర్తిగా పైకి ఎక్కిందా, గ్యాస్ కట్టేసి ఉందా, పైకప్పు కిటికీలు మూసి ఉన్నాయా చూశాం. అద్దాల మీది నీటి చుక్కలు తుడవడం కూడా చెకప్‌లో భాగమే. వానలో పొడిగింపు అద్దాలు చుక్కలతో నిండితే వెనక ఏముందో తెలియదు.

"ఇప్పుడు మామూలుగా 95లో పోవచ్చా అండీ?"

"80 అండీ. దారిలో లోయ మీది వంతెన దగ్గర ఇంకా తక్కువ."

ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. బ్రిటన్‌లో కారవాన్ లాగే కార్లకు మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. జర్మనీలో మామూలు హద్దు 80, కొన్ని షరతులు తీరి ప్రత్యేక అనుమతి ఉంటేనే 100. ఈ అంకెలన్నీ రోడ్డూ గాలీ బాగున్నప్పటి హద్దులు. తడి రోడ్డు మీద ఆగడానికి కనీసం రెట్టింపు దూరం పడుతుందని బ్రిటన్ హైవే కోడ్ చెబుతుంది, అది ఖాళీ కారుకి కూడా వర్తించే మాట. ఇప్పుడు స్టెబిలైజర్ ప్యాడ్లు సగం పనిచేస్తాయో లేదో తెలియదు. కారు టైర్లకి లోతు నీళ్లలో హద్దు 98. ఈ రెండూ లెక్కలోకి తీసుకుంటే చాలినంత ఖాళీ ఉండే అంకె 80. దానివల్ల పోయేది ఇంటికి చేరేసరికి అరగంట.

రెండో మాట ఆయనకి ఇంకా నచ్చలేదు: వెంటనే బయల్దేరవద్దు. ఫోన్‌లో వాన రాడార్ చూస్తే దట్టమైన పట్టీ ఒకటి మా దారికి అడ్డంగా కదులుతోంది. వసంతంలో వచ్చే ఇలాంటి జల్లుల ముందు అంచున గాలి ఒక్కసారిగా దిశ మార్చి కొడుతుంది. నా అనుభవంలో కారవాన్‌కి వాన కన్నా ఆ అంచు ప్రమాదం. పట్టీ దాటేదాకా అక్కడే ఉన్నాం. సెలవు చివరి రోజు, మర్నాడు పనికి వెళ్లాలి, చీకటి పడకముందే చేరాలి అనే టెన్షన్ ఈ నిర్ణయాన్ని చెడగొట్టే పెద్ద కారణం. ఎవరైనా పక్కన కూర్చుని "ఆగుదాం" అనాల్సి వస్తుంది. ఆ రోజు నేనంటే, ఆవిడ వెంటనే వంత పాడారు.

రోడ్డు మీద

80లో మొదటి కొన్ని కిలోమీటర్లు ఎవరూ మాట్లాడలేదు. లారీలు మమ్మల్ని దాటడం మొదలుపెట్టాయి. ఇక్కడ జరిగేది ముందే చెప్పి ఉంచాను. లారీ ముందు భాగం కారవాన్ వెనక్కి చేరగానే దాని గాలి కారవాన్ తోకని అవతలికి తోస్తుంది. లారీ దాటిపోయేటప్పుడు అది తిరగబడి లోపలికి పీల్చినట్టుంటుంది. అద్దంలో లారీ పెద్దదవడం చూడగానే లేన్‌లో లారీకి దూరంగా ఒక అడుగు జరిగి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, ఏమీ చేయకుండా ఉండటమే పని. మొదటి లారీకి ఆయన భుజాలు బిగిశాయి. కారవాన్ ఒక్కసారి కదిలి అక్కడే ఆగిపోయింది. రెండో ఊపు రాలేదు. మూడో లారీకి ఆయన మాట్లాడుతూనే దాటనిచ్చారు. నాకు కావాల్సిన పరీక్ష అదే, ఒక తోపుకి ఒక కదలిక, దాని తర్వాత నిశ్శబ్దం.

నీటి గుంటల దగ్గర ఇంకో సంగతి బయటపడింది. కారవాన్ చక్రాల మధ్య వెడల్పు ఈ కారు చక్రాల కన్నా ఎక్కువ. కారు చక్రాలు అరిగిన జాడల్లో నీళ్లు చిమ్ముతూ పోతుంటే, కారవాన్ చక్రం లేన్ అంచున నిలిచిన నీళ్లలోకి దిగుతుంది. ఒక్క చక్రమే నీళ్లలో పడితే ఆ వైపు లాగుడు పెరుగుతుంది, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకున్నట్టు స్టీరింగ్‌లో తెలుస్తుంది. అంచుకి ఆనుకుని పోవడం జాగ్రత్త అని చాలామంది అనుకుంటారు, వానలో అది తలకిందులు. లేన్ మధ్యకి ఒక జానెడు జరగమన్నాను, లాగుడు పోయింది.

వానలో చాలాసేపు నడిస్తే బ్రేకు డ్రమ్ముల్లోకి తడి చేరి కారవాన్ బ్రేకులు మొదటి తొక్కుకి ఆలస్యంగా పట్టుకుంటాయి. ఓవర్‌రన్ బ్రేకు కాబట్టి కారు నెమ్మదించినప్పుడు కారవాన్ ముందుకు నెట్టుకొస్తేనే అది పనిచేస్తుంది. ఆ నెట్టు సీటులో తగులుతుంది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట తేలిగ్గా రెండు మూడు సార్లు బ్రేకు ఆనిస్తే డ్రమ్ములు వేడెక్కి ఆరతాయి. ముందు బండికీ మనకీ మధ్య దూరం ఎంత వదలాలో లెక్కేసేటప్పుడు ఈ ఆలస్యం కూడా కలుపుకోవాలి.

ఊగింది ఒక దిగుడులో కాబట్టి తర్వాతి పెద్ద దిగుడు దగ్గర ఆయన గొంతు మారింది. దిగుడు మొదలయ్యాక కాదు, అంచుకి రాకముందే వేగం 70కి దించి, ఒక గేరు తగ్గించారు. కిందికి దిగుతున్నప్పుడు వేగం దానంతట అది పెరిగి, అప్పుడు బ్రేకు వేస్తే కారవాన్ కారుని వెనక నుంచి నెడుతుంది. ఊపుకి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. ఈసారి ఇంజినే పట్టి ఉంచింది, బ్రేకు అవసరం దాదాపు రాలేదు. లోయ మీది వంతెన 65లో దాటాం, పక్కగాలికి రెండు మూడు చోట్ల కారవాన్ ఒరిగింది, ఊగలేదు.

తుంపర ఎక్కువై ముందు కనబడనప్పుడు ఆయన వెనక ఫాగ్ లైట్ వేశారు, కాస్త తెరిపిచ్చాక ఆపడం మర్చిపోయారు. బ్రిటన్‌లో చూపు సుమారు 100 మీటర్ల కన్నా తక్కువ ఉన్నప్పుడే దాన్ని వేయాలి. అది వెలుగుతుంటే వెనకున్నవాళ్లకి బ్రేక్ లైటు తేలిగ్గా కనిపించదు. గుర్తు చేస్తే తీసేశారు.

ఇల్లు చేరాక

తడిసిన కారవాన్‌ని హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేస్తే డ్రమ్ముల్లో తుప్పు పట్టి బ్రేకు షూలు అతుక్కుపోతాయి, వచ్చే నెల కదిలించాలంటే సుత్తి కావాలి. చదునైన చోట పెట్టి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు వేసి, హ్యాండ్ బ్రేక్ వదిలేయించాను. ఆనింగ్‌ని ఆ రాత్రే షెడ్డులో తాడు మీద వేశారు. ఒకటి రెండు రోజులు దాటితే నల్ల బూజు పడుతుంది, పడ్డాక పోదు. నడిమి నేల మీద టార్పాలిన్ అంచు దాటి కాస్త నీరు కారింది, కార్పెట్ ముక్క తీసి ఆరేశారు. ఆవిడ భయపడింది మొదట్నుంచీ దీనికే, అది నిజంగానే కాస్త జరిగింది. అయినా ఈసారి ఆవిడ ఏమీ అనలేదు.

తర్వాత తేమ మీటర్‌తో గోడల మూలలు చూశాను, అన్నీ 15 శాతం లోపే. వెనక బాత్రూమ్ కిటికీ కింద ఒక్కచోట 19 చూపించింది. తడి ఆనింగ్ ఆవిరి వల్లా, సీలు పోయిందా అన్నది పొడి వాతావరణంలో కొన్ని వారాలాగి మళ్లీ చూస్తేనే తెలుస్తుంది. స్టెబిలైజర్ ప్యాడ్లు మార్చారు. పాతవి విప్పితే గ్రీజు లోపలిదాకా ఇంకి ఉంది.

ఇప్పుడు ఆయన ఎలక్ట్రానిక్ యాంటీ-స్నేక్ పరికరం పెట్టించుకోవాలనుకుంటున్నారు, నన్నడిగారు. పెట్టించుకోమన్నాను. పక్కకు ఊగడం పసిగట్టి కారవాన్ బ్రేకుల్ని అది మనకన్నా వేగంగా పట్టిస్తుంది. అయితే అది పనిచేసిన ప్రతిసారీ ఎక్కడో ఆగి నోస్ వెయిట్ మళ్లీ కొలవాలని షరతు పెట్టాను. మంచి పరికరం ఉంటే బరువు ఎక్కడ పెట్టినా నడిచిపోతుందనుకునేవాళ్లని చూశాను, వాళ్లకి పరికరం లేకపోయినా మేలు. ఆయన గేజ్‌ని కారు డిక్కీలోనే ఉంచుకుంటానన్నారు, తిరుగు ప్రయాణంలో కూడా ఫొటో తీస్తానన్నారు. క్యాసెట్ ఖాళీ చేసే పని ఎవరిదన్నది మాత్రం ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు.